ముట్టు, ముట్లుడుగు: పాటలో దొరికే మాట

హనుమకొండలోనైనా, జమ్మికుంటలోనైనా, మెట్‌పల్లిలోనైనా ఫంక్షన్ హాలు దగ్గరి మలుపులో పట్టు లంగా ఓణీ కట్టుకుని, మెడ నిండా దండలతో నిలబడ్డ పన్నెండు పదమూడేళ్ళ అమ్మాయి ఫ్లెక్సీ కనబడితే, అది దేనికోసమో ఎవరూ అడగనక్కర లేదు. మేనమామల ఫోటోలతో, బంధువుల పేర్లతో, ఒక్కోసారి స్థానిక నాయకుడి నమస్కారంతో సహా ఆ అమ్మాయి పెద్దమనిషి అయిన సంగతి ఊరంతటికీ తెలుస్తుంది. మరుసటి నెల నుంచి అదే అమ్మాయి మందుల దుకాణంలో మగవాళ్ళు వెళ్ళిపోయేదాకా ఓ పక్కన నిలబడి, కాగితంలో చుట్టి నల్ల కవరులో పెట్టిన ప్యాకెట్టును చున్నీ చాటున ఇంటికి తెచ్చుకుంటుంది. ముప్పై, ముప్పై అయిదేళ్ళ తర్వాత ఆ నెలసరి ఆగిపోతుంది. అప్పుడు ఫ్లెక్సీ ఉండదు, కనీసం గుసగుస కూడా ఉండదు. అర్ధరాత్రి ఒళ్ళంతా చెమట పట్టి లేచి కూర్చున్న ఆ స్త్రీ, తనకేమవుతున్నదో పక్కనున్న మనిషికి చెప్పడానికి నోట మాట లేక, చెంబెడు నీళ్ళు తాగి మళ్ళీ పడుకుంటుంది.

తెలియకపోవడం వేరు, మాట లేకపోవడం వేరు. ఈ రెంటినీ ఒకటిగా చూస్తున్నందువల్లనే నెలసరి చుట్టూ ఉన్న చిన్నచూపును పోగొట్టే ప్రయత్నాలు చాలావరకు కరపత్రాల దగ్గర, ఉపన్యాసాల దగ్గర ఆగిపోతున్నాయని నా అభిప్రాయం. తెలియనిదాన్ని కరపత్రం చెప్పగలదు. నోటికి రానిదాన్ని నోటికి తెచ్చే పని మాత్రం పాటది, బొమ్మది, కథది. అది ఎలా జరుగుతుందో తెలియాలంటే ముందు మన దగ్గర ఏ మాటలు ఉన్నాయో చూడాలి.

తెలుగులో నెలసరికి పేర్లు తక్కువేమీ లేవు. రజస్వల, పుష్పవతి, సమర్త, ఈడేరడం, పెద్దమనిషి కావడం అన్నవి మొదటిసారికి. ఆ తర్వాత ప్రతి నెలకూ బయట ఉండడం, దూరం ఉండడం, ఇంట్లో లేకపోవడం, ఈ మధ్య కాలంలో డేట్ రావడం. ప్రతి నెలా వాడే ఈ మాటల్లో ఒక్కటి కూడా జరిగే విషయాన్ని చెప్పదు, చాలావరకు మనిషి ఎక్కడ కూర్చోవాలో మాత్రం చెబుతాయి. అన్నిటికన్నా సూటిది ముట్టు. ముట్టడం అంటే తాకడం. తాకకూడదన్న కట్టుబాటు పేరే దేహధర్మానికి పేరైపోయింది. నెలసరి ఆగిపోవడానికి కూడా ముట్లుడగడం అనే చక్కటి మాట మనకుంది. వాన ఉడిగింది, గాలి ఉడిగింది అన్నట్టుగానే, ఏ నిందా ఏ భయమూ లేకుండా, ఒకటి తగ్గుముఖం పట్టి నిలిచిపోవడాన్ని చెప్పే మాట అది. దాన్ని ఇప్పుడు అనేవాళ్ళు దాదాపు లేరు. చదువుకున్నవాళ్ళు మెనోపాజ్ అంటారు, మిగతావాళ్ళు ఆగిపోయినయి అంటారు. ఏవి ఆగిపోయాయో వాక్యంలో ఉండదు.

దేహంలో జరిగేదానికి ఈ మాటల బరువు ఏమీ లేదు. ప్రతి నెలా అండం విడుదలయ్యే ముందూ వెనకా గర్భాశయం లోపలి పొర ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ల ప్రభావంతో మందమవుతుంది. గర్భం నిలవకపోతే ఆ హార్మోన్లు తగ్గి, ఆ పొర విడివడి, కొంత రక్తంతో కలిసి బయటికి వస్తుంది. ఒక నెలసరిలో పోయే రక్తం సగటున 30 నుంచి 40 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు పెద్ద చెంచాలు. 80 మిల్లీలీటర్లు దాటితే అధిక రక్తస్రావంగా లెక్కిస్తారు. ఇది ఒంట్లోని చెడు రక్తమన్న నమ్మకానికి ఆధారం లేదు. బిడ్డకు పరుపుగా సిద్ధమైన పొర అవసరం లేక విడిపోవడమే అది. నలభైలలోకి వచ్చాక అండాశయాల పని మందగిస్తుంది, ఈస్ట్రోజన్ హెచ్చుతగ్గులకు లోనవుతుంది, నెలసరి ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ జరుగుతుంది. ఈ దశ కొన్ని ఏళ్ళు సాగవచ్చు. వరసగా పన్నెండు నెలలు నెలసరి రాకపోతే ముట్లుడిగినట్టు నిర్ధారిస్తారు. భారతదేశంలో అది సగటున 46, 47 ఏళ్ళ వయసులో జరుగుతుంది. ఒంట్లోంచి ఆవిర్లు రావడానికీ ఒక కారణం ఉంది. మెదడులో దేహపు వేడిని అదుపు చేసే భాగం ఈస్ట్రోజన్ తగ్గినప్పుడు అతి సున్నితంగా మారి, కొద్దిపాటి వేడి పెరిగినా ఒళ్ళు కాగిపోతున్నదనుకుని, చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేసి చెమట పట్టిస్తుంది. నిద్ర చెడడం, చిరాకు, ఎముకలు త్వరగా పలచబడడం ఇదే మార్పులోని భాగాలు. నెలసరి పూర్తిగా ఆగిన తర్వాత మళ్ళీ ఎప్పుడు రక్తం కనిపించినా, చుక్కే అయినా, వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.

ఇంత మామూలు సంగతికి మైల ఎలా అంటుకుంది? మనదగ్గర మైల అన్నది స్త్రీ దేహంతో మాత్రమే ముడిపడిన భావన కాదు, కులంతో కూడా ముడిపడింది. సమర్త బట్టలను, ముట్టు బట్టలను ఉతికే పని తరతరాలుగా చాకలి స్త్రీల మీద పడింది. ఒకరి మైలను మరొకరు మోయాలన్న ఏర్పాటు అది. ఇంట్లో మూడు రోజులు మూలన కూర్చున్న స్త్రీ నాలుగో రోజు తలస్నానంతో ఆ మైలలోంచి బయటపడేది. ఆ బట్టలు ఉతికిన చేతులకు అలాంటి నాలుగో రోజు లేదు. నెలసరి అంటరానితనాన్నీ కుల అంటరానితనాన్నీ విడదీసి మాట్లాడితే సగమే మాట్లాడినట్టని నేను అనేది ఇందువల్లనే. శబరిమల కేసులో 2018 సెప్టెంబరు 28న సుప్రీంకోర్టు అన్ని వయసుల స్త్రీలకూ ఆ గుడిలోకి ప్రవేశం ఉండాలని నాలుగు-ఒకటి మెజారిటీతో తీర్పు చెప్పినప్పుడు, జస్టిస్ చంద్రచూడ్ నెలసరి కారణంగా స్త్రీలను వెలిగా ఉంచడం రాజ్యాంగంలోని 17వ అధికరణం నిషేధించిన అంటరానితనపు రూపమేనని రాశారు. ఆ తీర్పులోని ప్రశ్నలు 2019లో విస్తృత ధర్మాసనం ముందుకు వెళ్ళాయి. కోర్టులో అవి ఎలా తేలినా, ఆ రెండు మైలలను ఒకే వాక్యంలో చూడడం మన ఆలోచనకు అవసరమైన పని.

మాట లేకపోవడం ఎంత ఖరీదైనదో ఉత్తర తెలంగాణకు బాగా తెలుసు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత 2015–16లో జరిగినప్పుడు, దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు 3.2 శాతం. తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశవ్యాప్తంగా ఈ ఆపరేషన్లలో మూడింట రెండొంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. స్త్రీలు చెప్పిన కారణాల్లో నెలసరిలో అధిక రక్తస్రావం లేదా నొప్పి అన్నదే సగానికి పైగా ఉంది. వీటిలో తప్పనిసరి అయినవీ ఉంటాయి, ఒక్కో స్త్రీ నిర్ణయం మీద తీర్పు చెప్పే హక్కు నాకు లేదు. కానీ మా చుట్టుపక్కల ఊళ్ళలో ఇది ఎలా మొదలవుతుందో ఎన్నోసార్లు విన్నాను. మిర్చి ఏరడానికో పత్తి ఏరడానికో పోయే మనిషికి మూడు నాలుగు రోజులు కూలి పోతుంది. తెల్లబట్ట అవుతుంది. నెలసరి పదిహేను రోజులకే వస్తుంది, లేదా రెండు నెలలు రాక ఒక్కసారిగా పడుతుంది. చేలో మరుగుదొడ్డి ఉండదు. భర్తకు చెప్పదు, అత్తకు చెప్పదు, తోటి కూలీకి మాత్రం, అదీ సగమే, చెబుతుంది. “అక్కా, తీపిచ్చుకుంటే ఈ పీడ వోతదట” అన్న మాట అక్కడ పుడుతుంది. సంచి ఖరాబైందనీ, ఉంచితే క్యాన్సర్ అవుతుందనీ భయపెట్టేవాళ్ళు ఎదురైతే ఆ మాటకు బలం వస్తుంది. ముప్పై అయిదేళ్ళకే ఆపరేషన్ అవుతుంది. అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుంచే ముట్లుడిగిన దశ మొదలవుతుంది. అవి ఉంచినా ఆ దశ తొందరగా వచ్చే అవకాశం ఉంది. నడుము నొప్పి, ఎముకల అరుగుదల, నిద్రలేమి ఆ తర్వాత ఏళ్ళ తరబడి వెంటాడవచ్చు. అనవసర ఆపరేషన్ల మీద దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నీ కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని ఆదేశించింది. మార్గదర్శకం ఆసుపత్రి గుమ్మం లోపల పనిచేస్తుంది. ఆ గుమ్మం దాకా వచ్చే లోపల, చేను గట్టు మీద ఆ సగం మాట పూర్తి మాటగా మారే చోటు ఒకటి కావాలి.

ఆ చోటు మనకు ఉన్నది, ప్రతి ఏటా తొమ్మిది రోజులు మన వాకిట్లోనే ఉన్నది. పెద్దల అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలై సద్దులతో ముగిసే బతుకమ్మలో పూజారి లేడు, వేదిక లేదు, మైకు అక్కర లేదు. తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు పళ్ళెంలో వరసలుగా పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలిపి, చుట్టూ తిరుగుతూ చప్పట్లు చరుస్తూ పాడతారు. ఒకరు చరణం అందుకుంటారు, మిగతావాళ్ళంతా ఉయ్యాలో అంటారు, లేదా చందమామ అంటారు. ఈ అల్లికను కాస్త నిలిచి చూడాలి. చరణం చెప్పే స్త్రీ తన కథ చెబుతున్నానని అనదు. అత్తింటి కష్టం, అన్న రాకపోవడం, చెరువుకు బలైన కోడలు, ఎవరి కథైనా కావచ్చు. ఉయ్యాలో అన్న ప్రతి గొంతు ఆ కథకు సాక్ష్యం పలుకుతుంది, కానీ ఏ ఒక్కరూ అది నాకు జరిగిందని ఒప్పుకోవలసిన పని లేదు. ఒంటరిగా ఒక స్త్రీ నోట రాని మాట, ఇరవై మంది మధ్య, ఎవరి మాటో తేల్చి చెప్పలేని విధంగా వినిపిస్తుంది. సిగ్గు బతికేది ఒంటరితనంలో. ఆ ఒంటరితనాన్ని ఈ వలయం, ఎవరినీ బయటపెట్టకుండానే, తీసేస్తుంది. తెలంగాణ ఉద్యమ కాలంలో కూడళ్ళలో, ధర్నా శిబిరాల దగ్గర బతుకమ్మలు పేర్చి రాజకీయాన్ని ఇదే వరసలో పాడారంటే, ఈ రూపం కొత్త విషయాన్ని మోయగలదా అన్న సందేహానికి జవాబు దొరికినట్టే.

నెలసరిలో ఉన్న స్త్రీ మాత్రం ఆ వలయం బయట, అరుగు మీదనో గుడి మెట్ల మీదనో కూర్చుంటుంది. గౌరమ్మను ముట్టుకోకూడదు. పుష్పవతి అని పేరు పెట్టిన మనిషిని పూల పండుగకు దూరంగా కూర్చోబెట్టడం నాకు చిన్నప్పటి నుంచీ మింగుడుపడని సంగతి. వేయిస్తంభాల గుడి దగ్గర సద్దులనాడు మా అమ్మ ఒక ఏడు అలా కూర్చుని ఉండగా, ఆమె పెదవులు ఉయ్యాలో అంటూనే ఉండడం నేను చూశాను. ముట్టుకోవద్దని అన్నవాళ్ళు పాడవద్దని అనలేదు. బతుకమ్మకు ఆరో రోజు అలక. ఆ రోజు పూలు పేర్చరు, ఆడరు, అమ్మవారిని అలగనిస్తారు. దేవతకు దొరికిన ఆ మర్యాద, ఇవాళ నా వల్ల కాదని చెప్పి అది మైల అనిపించుకోకుండా విశ్రాంతి తీసుకునే వీలు, నెలసరి నొప్పితో ఉన్న ఆడపిల్లకు ఎందుకు దొరకకూడదో మన ఇళ్ళలో మాట్లాడుకోవచ్చు. ఈ పోలిక నా సొంతం, శాస్త్రం కాదు.

ఈ వరసలో పాట కట్టడం కష్టమైన పని కాదు. నేను కట్టుకున్న నాలుగు చరణాలు ఇవి:

ఏడాదికొకసారి ఉయ్యాలో
పూలకు పండుగ ఉయ్యాలో
నెలనెలా పూసేటి ఉయ్యాలో
నా మేను మైలాయె ఉయ్యాలో

నలభయ్యారేండ్లొచ్చె ఉయ్యాలో
నా ఒళ్ళు కాగంగ ఉయ్యాలో
చలికాలం నడిరాత్రి ఉయ్యాలో
చెమటలు కారంగ ఉయ్యాలో

ఇందులో కవిత్వం గొప్పది కాదని తెలుసు. కానీ చెమటలు కారంగ అన్న చరణాన్ని పదిమంది అందుకున్న క్షణంలో, అర్ధరాత్రి చెంబెడు నీళ్ళు తాగి పడుకున్న స్త్రీకి తన ఒక్కదానికే ఇలా అవుతున్నదేమోనన్న భయం పోతుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు చెప్పడానికి ఒక వాక్యం దొరుకుతుంది. కళ వల్ల కలిగే ప్రయోజనం నా దృష్టిలో ఇంత నిర్దిష్టమైనది.

మిగతా ప్రపంచంలో ఈ పని వేరే దారుల్లో జరిగింది. అమెరికా చిత్రకారిణి జూడీ షికాగో 1971, 72 సంవత్సరాల్లో నెలసరినే వస్తువుగా తీసుకుని కళాఖండాలు చేసి గ్యాలరీలను కలవరపెట్టింది. 2015లో కెనడా కవయిత్రి రూపీ కౌర్ పెట్టిన, బట్టల మీద నెలసరి మరక ఉన్న ఫోటోను ఇన్‌స్టాగ్రామ్ రెండుసార్లు తొలగించి, తర్వాత క్షమాపణ చెప్పింది. ఉత్తరప్రదేశ్‌లోని హాపుర్ దగ్గరి గ్రామ స్త్రీలు ప్యాడ్లు తయారు చేసుకోవడం మీద తీసిన చిన్న డాక్యుమెంటరీకి 2019లో ఆస్కార్ వచ్చింది. ఇవి ముఖ్యమైనవే. కానీ గ్యాలరీ గోడ మీది బొమ్మ మానుకోట తండాకు చేరదు. ఇంకో లోటు కూడా ఉంది. ఈ సృజనలో అత్యధిక భాగం ఎదిగే ఆడపిల్ల చుట్టూ, ప్యాడ్ చుట్టూ తిరుగుతుంది. ప్యాడ్ అమ్ముడుపోయే వస్తువు, ముట్లుడిగిన స్త్రీ ఏమీ కొనదు. ప్రకటనల్లో ఏళ్ళ తరబడి రక్తానికి బదులు నీలి ద్రవం పోసి చూపిన వ్యాపారానికి, నలభై ఆరేళ్ళ బీడీ కార్మికురాలి గురించి చెప్పడానికి ఏమీ ఉండదు. జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి, నిజామాబాద్ వైపు చాట ఒళ్ళో పెట్టుకుని రోజంతా తునికాకు చుట్టే ఆ స్త్రీ నడుము నొప్పిలో పని ఎంత, వయసు ఎంత, ఎముకలు పలచబడడం ఎంత అన్నది ఆమెకూ తెలియదు, ఇంట్లోవాళ్ళకూ తెలియదు. ఆమె గురించి పాట రావాలంటే ఆమె కట్టాలి. బీడీలు చుట్టే అరుగు మీద నలుగురు కూర్చుంటే మాటకు కొదవ ఉండదు.

తెలుగు సాహిత్యంలో ఈ తలుపు ఒకసారి తెరుచుకున్నది. 1980, 90లలో స్త్రీవాద కవులు పురిటి నొప్పిని, గర్భస్రావాన్ని, దేహం మీది కాపలాను కవిత్వంలోకి తెచ్చినప్పుడు అశ్లీలమన్న నిందను మోశారు. ఆ అనుభవాలను సాహిత్య విమర్శలో నిలబెట్టే పని వరంగల్‌లోనే, కాకతీయ విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించిన కాత్యాయనీ విద్మహే వంటివారు చేశారు. ఆమె విమర్శ గ్రంథానికి 2013లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. దళిత, బహుజన స్త్రీలు ఆ తర్వాత వచ్చి, ఇంటి మూలన కూర్చునే వీలు కూడా లేక నెలసరిలోనూ కూలికి పోయే దేహం సంగతి ఏమిటని అడిగారు. ఆ ప్రశ్న అవసరమైనది. మూడు రోజుల విశ్రాంతి అని పెద్దలు సమర్థించే ఆచారం, ఏనాడూ అందరు స్త్రీలదీ కాదు.

బొమ్మల్లో చేర్యాల పటం ఈ విషయానికి అచ్చంగా సరిపోతుందని నాకనిపిస్తుంది. ఒకప్పటి వరంగల్ జిల్లాలోని, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలో నకాషీలనే చిత్రకారులు ఖద్దరు బట్టకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు పట్టించి, ఎర్రటి నేల మీద వరస గడులుగా కులపురాణాలను గీసేవారు. కథకుడు పటం విప్పుతూ ఒక్కో గడిని చూపుతూ చెబుతాడు. నెలచక్రం స్వభావమే వరసలో జరగడం కనుక, అండం ఎదగడం నుంచి పొర విడివడడం దాకా, పన్నెండేళ్ళ పిల్ల నుంచి ముట్లుడిగిన అమ్మమ్మ దాకా ఒకే పటంలో విప్పి చూపవచ్చు. ఆ ఎర్ర రంగును ఎవరూ నీలం చేయనక్కర లేదు. ఒగ్గుకథలో గురువు చెప్పే కథకు మధ్య మధ్య ప్రశ్నలు వేసి నవ్వించే వంతకారుడు ఉంటాడు. ఊళ్ళోవాళ్ళ అనుమానాలను, భయాలను ఆ వంత నోట పలికించి జవాబు చెప్పడానికి అంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. పైగా ఒగ్గుకథ ముందు మగవాళ్ళు కూర్చుంటారు. ఈ విషయం వాళ్ళ చెవిన పడకుండా ఇంట్లో ఏదీ మారదు.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. పాత వరసలో నినాదాలు నింపి లారీ మీద నిలబడి పాడించిన పాటలను చాలా చూశాం. శుభ్రత పాటించండి, ప్యాడ్ వాడండి అనే చరణం సభతోనే పోతుంది, ఎందుకంటే అది పాడే మనిషి బతుకులోంచి రాలేదు. మహిళా సంఘం నెలవారీ సమావేశంలో పొదుపు లెక్కలయ్యాక, ఒక చరణం మీరు కట్టండని పది నిమిషాలు వదిలేస్తే వచ్చేది మొరటుగా ఉండవచ్చు, కానీ అది వాళ్ళతో ఇంటికి వెళ్తుంది. ఆశా కార్యకర్త పక్కనుంటే, చరణంలో దొర్లిన తప్పును అక్కడే సరిచేయవచ్చు.

నిరుడు మా బస్తీలో ఎంగిలిపూల నాడు, బతుకమ్మను నీళ్ళలో వేయబోయే ముందు, ఆ నాలుగు చరణాలను నేను అందుకున్నాను. మొదటి రెండింటికి కొందరు నవ్వారు, కొందరు వరస తప్పారు. చెమటలు కారంగ అన్నప్పుడు గొంతులు కలిశాయి. నా వెనక తిరుగుతున్న, ఎదురింట్లో అద్దెకుండే యాభై ఏళ్ళామె చప్పట్లు ఆపకుండానే కొంచెం ముందుకు జరిగి, నా భుజం దగ్గర మెల్లగా అడిగింది: “నీగ్గూడ గట్లనే అయితుందా చెల్లె? దానికేమన్న మందున్నదా?”